పంటి తొడుగుకు పరదేశ ప్రయాణం
అమెరికా వారికి మెక్సికో ఉంది, మన కూలీకి ఏముంది?

(మా గ్రామీణ విలేఖరి)

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడు పండుగ ముగియకముందే భీమవరంలో పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాడు. దవడ పన్ను పుచ్చిపోతే అక్కడ రూట్ కెనాల్ చేయించుకున్నాడట. దానిపైన తొడుగు, అంటే మనవాళ్లు క్యాప్ అనేది, వేయడానికి అక్కడి డాక్టరు పద్నాలుగు వందల డాలర్లు చెప్పాడు. డాలరు 85 రూపాయల చొప్పున చూసుకున్నా లక్షా 19 వేల రూపాయలు. "ఎలాగూ పండక్కి వస్తున్నాను గదా అని తాత్కాలికంగా సిమెంటు పెట్టించుకుని వచ్చేశాను" అన్నాడు. ఇక్కడ మేలురకం జిర్కోనియా తొడుగు పది వేలకు వేస్తామన్నారు. అతను బేరమైనా ఆడలేదు.

అదే బల్లమీద అతని పక్కన వరి కోతలకు వెళ్లే ఒక నడివయసు స్త్రీ బుగ్గ పట్టుకుని కూర్చుంది. డాక్టరు చూసి, "పన్ను బతుకుతుందమ్మా, రూట్ కెనాల్‌కు మూడు వేలు, మామూలు పింగాణీ క్యాప్‌కు ఆరు వేలు అవుతుంది" అన్నాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత "పీకితే ఎంతవుద్ది బాబూ?" అని అడిగింది. ఐదు వందలన్నారు. "అయితే పీకెయ్యండి" అంది.

ఈ రెండూ ఒకే గదిలో అరగంట తేడాలో జరిగాయి. తన పన్ను చూపించుకోవడానికి వెళ్లిన ఈ విలేఖరి రెండూ విన్నాడు. విదేశాల్లో పంటి తొడుగు ఖరీదు గురించి ఈ మధ్య మన ఊళ్లలో చాలా మాటలు వినబడుతున్నాయి. ‘అక్కడ లక్ష, ఇక్కడ పదివేలు, మన వైద్యం ఎంత చవకో చూశారా’ అని కొందరు గర్వపడుతున్నారు. ఆ చవక ఎవరికి చవక అన్నది ఆలోచించవలసిన విషయం.

అక్కడ అంత ఎందుకు?

ముందుగా తొడుగు అంటే ఏమిటో తెలుసుకోవాలి. పన్ను లోపలి నరం దాకా పుచ్చిపోయినప్పుడు ఆ కుళ్లు తీసి, వేరు కాలువలను శుభ్రంచేసి మూసివేస్తారు. ఇదే రూట్ కెనాల్. అలా చేసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. గట్టి జంతిక కొరికినా చీలిపోవచ్చు. అందుకని పన్నును చుట్టూ కొంత అరగదీసి, అచ్చు తీసుకుని, ల్యాబులో తయారైన తొడుగును టోపీలాగా దానిమీద బిగిస్తారు. లోహంతో చేసినది చవక. లోహంమీద పింగాణీ పూత వేసినది మధ్యరకం. జిర్కోనియా ఖరీదైనది. బాగా కుదిరితే పది, పదిహేనేళ్లు మన్నుతుంది.

ఈ పనికి వాడే సరకు ఖరీదు దేశదేశానికీ అంతగా మారదు. మారేది మనుషుల ఖర్చు. అమెరికాలో దంతవైద్య విద్యకోసం అప్పుచేసిన విద్యార్థి చదువు ముగించేసరికి ఆ అప్పు సగటున మూడు లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. దానికి తోడు క్లినిక్కు అద్దె, సహాయకుల జీతాలు, ల్యాబు కూలి, రోగి దావా వేస్తే కాపాడే బీమా. ఇవన్నీ ఆ చిన్న తొడుగుమీదే పడతాయి. కనుకనే అక్కడ ఒక్క తొడుగు వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దాకా పలుకుతోంది.

బీమా ఉంటే సరిపోదా అని మనవాళ్లు అడుగుతారు. ఇక్కడే మెలిక ఉంది. అక్కడ ఒంటికి బీమా వేరు, పళ్లకు బీమా వేరు. పళ్ల బీమాలో తొడుగుకు సాధారణంగా సగం ఖర్చే ఇస్తారు. పైగా ఏడాదికి వెయ్యి, పదిహేను వందల డాలర్లకు మించి ఇవ్వని పాలసీలు చాలా ఉన్నాయి. ముసలివారికోసం 1965లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన మెడికేర్ బీమాలో మామూలు పంటి వైద్యం మొదటినుంచీ లేదు. అంటే పళ్లు కదిలే వయసుకే పళ్లకు దిక్కు లేదన్నమాట.

ఎల్లలు దాటుతున్న రోగులు

అందుకే అక్కడివారు పొరుగు దేశం పోతున్నారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో యూమా అనే పట్టణం ఉంది. దానికి సమీపాన సరిహద్దు దాటితే మెక్సికోలో లోస్ అల్గోడోనెస్ అనే చిన్న ఊరు వస్తుంది. మన పెద్ద పంచాయతీ అంత ఊళ్లో వందల మంది పళ్ల డాక్టర్లు ఉన్నారు. దవడ పళ్ల ఊరు అనే అర్థంలో దానికి ‘మోలార్ సిటీ’ అని పేరు పడింది. చలికాలంలో అమెరికా, కెనడా వృద్ధులు కారు సరిహద్దుకు ఇవతల నిలిపి, నడిచి అవతలికి వెళ్లి పళ్లు బాగుచేయించుకుని వస్తారు. తొడుగు ధర అమెరికాలో ఉన్నదానిలో మూడోవంతు, మహా అయితే సగం ఉంటుంది.

ఐరోపాలోనూ ఇదే తంతు. ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని హంగేరీలో మోషోన్‌మాగ్యారోవార్ అనే పట్టణం ఉంది. 1989లో సరిహద్దు తెరుచుకున్నాక అది పళ్ల క్లినిక్కులకు పెట్టింది పేరయింది. ఆస్ట్రియా వారు ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతారు.

ఇంగ్లండు సంగతి మరో రకం. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద తొడుగుకు నిర్ణీత రుసుము ఉంది. 2025 ఏప్రిల్‌లో దానిని 326 పౌన్ల 70 పెన్నీలు చేశారు. ప్రైవేటుతో పోలిస్తే ఇది తక్కువే. అయితే ఆ సేవ కింద కొత్త రోగులను చేర్చుకునే డాక్టరు దొరకడమే గగనమైపోయింది. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగరంలో అలాంటి క్లినిక్కు ఒకటి తెరిస్తే, పేరు నమోదు చేసుకోవడానికి వందలాది మంది వీధి పొడుగునా బారులు తీరారు. చివరకు పోలీసులు రావలసి వచ్చింది. రేషను షాపు ముందు క్యూలు మనకు కొత్త కాదు గాని, పంటి డాక్టరు కోసం క్యూ కట్టిన ధనిక దేశాన్ని అప్పుడు లోకమంతా చూసింది.

ధర తక్కువైనా చిక్కు ఎక్కువ

ఇంగ్లండు నుంచి చాలామంది టర్కీ పోతున్నారు. వారిలో నొప్పితో పోయేవారే కాదు, నవ్వు తెల్లగా మెరవాలని పోయేవారూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న పళ్లను మొదలంటా అరగదీసి వరసగా తొడుగులు బిగించుకుని వస్తున్నారు. అక్కడ దీనికి ‘టర్కీ పళ్లు’ అనే పేరే వచ్చింది. ఇలా వెళ్లి వచ్చి చీము, నొప్పులతో మళ్లీ తమ దగ్గరికే వస్తున్నారని, వెళ్లేముందు ఆలోచించుకోవాలని బ్రిటిష్ దంతవైద్యుల సంఘం హెచ్చరించింది.

అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. గోరు పెరుగుతుంది, జుట్టు పెరుగుతుంది, పంటిపై పింగాణి మాత్రం పోతే పోయినట్టే. ఒకసారి తొడుగు వేసిన పన్నుకు జీవితాంతం తొడుగు కావలసిందే. పదిహేనేళ్లకు అది వదులైతే మరొకటి వేయించుకోవాలి. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు గాని, పళ్లు నిలబెట్టుకోవడానికి మాత్రం రాయిని చూసి ఎంచుకోవాలి.

మన ఊళ్లకు వచ్చే ప్రవాసులకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. మామూలుగా తొడుగు పనికి రెండు మూడుసార్లు కూర్చోవాలి, నడుమ ల్యాబుకు కొన్ని రోజులు ఇవ్వాలి. పది రోజుల సెలవులో పెళ్లిళ్లు, పేరంటాలు, తిరుపతి యాత్ర అన్నీ పెట్టుకుని, విమానం ఎక్కే ముందురోజు తొడుగు బిగించుకుని పోతే, కొరుకుడు కుదరక అవస్థపడేది అక్కడికి వెళ్లాకే. సరిచేయమంటే అక్కడి డాక్టరు తాను వేయని తొడుగును ముట్టుకోవడానికి వెనకాడవచ్చు. మిగుల్చుకున్న డబ్బు తిరుగు ప్రయాణానికే సరిపోతుంది.

కనుక వచ్చేవారు వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే పని మొదలుపెట్టించుకోవాలి. డాక్టరు రాష్ట్ర దంతవైద్య మండలిలో నమోదైనవాడో కాదో చూసుకోవాలి. ఎక్స్‌రే, బిల్లు, తొడుగు ఏ రకమో తెలిపే కాగితం అడిగి దగ్గర ఉంచుకోవాలి. కొన్ని జిర్కోనియా తొడుగులకు ల్యాబువారు గ్యారంటీ కార్డు కూడా ఇస్తారు.

మన కూలీ లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస కూలి గంటకు ఏడుంబావు డాలర్లు. 2009 నుంచి ఇది మారలేదు. చాలా రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువే ఇస్తారు. ఈ కనీస కూలినే తీసుకుంటే ఎనిమిది గంటల పనికి 58 డాలర్లు. పద్నాలుగు వందల డాలర్ల తొడుగుకు అక్కడి కూలీ 24 రోజులు పనిచేయాలి.

మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. ఆరు వేల రూపాయల తొడుగుకు ఆ కూలితో 20 రోజులు పనిచేయాలి. రూట్ కెనాల్ కూడా కలిపితే 29 రోజులు. అదీ రోజూ పని దొరికితేనే.

అక్కడ 24 రోజులు, ఇక్కడ 20 రోజులు. ఏమంత తేడా ఉంది? డాలర్లలో సంపాదించి రూపాయల్లో ఖర్చుపెట్టేవాడికే మన తొడుగు చవక. రూపాయల్లో సంపాదించి రూపాయల్లో ఖర్చుపెట్టేవారికి అది అమెరికాలో ఉన్నంత ఖరీదూను. అమెరికా పేదవాడికి గత్యంతరం లేకపోతే మెక్సికో ఉంది. మన కోతల కూలీకి సరిహద్దు అవతల చవక దేశం ఏదీ లేదు. పన్ను పీకించుకోవడమొక్కటే ఆమెకున్న దారి.

పీకితే పీడ వదులుతుందనుకోవడం పొరపాటు. ఖాళీ వైపుకు పక్క పళ్లు ఒరుగుతాయి. ఎదురు పన్ను కిందికో పైకో దిగుతుంది. ఒక వైపే నమలడం అలవాటై ఆ వైపు పళ్లూ అరుగుతాయి. ఐదు వందలతో పోయిందనుకున్నది పదేళ్లలో కట్టుడు పళ్ల దాకా తెస్తుంది.

చేయవలసిందేమిటి?

ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే పెద్ద చికిత్సల కోసం పెట్టినవి. దవడ విరిగితే ఆదుకుంటాయి గాని, పంటికి తొడుగు కావాలంటే అక్కరకు రావు. 2014-15లో కేంద్రం జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండాలన్న నిబంధన అంతకుముందునుంచే ఉంది. డాక్టరుతోపాటు కుర్చీ, సిమెంటు, ఎక్స్‌రే కూడా ఉంటేనే పన్ను నిలుస్తుంది. అవి లేనిచోట డాక్టరు చేతిలో పట్టకారే మిగులుతుంది.

తెలియక చాలామంది వాడుకోని దారి మరొకటి ఉంది. దంతవైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ప్రైవేటు క్లినిక్కుతో పోలిస్తే ఖర్చు తక్కువ, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. భీమవరంలోనే ఒక కళాశాల ఉంది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. బస్సు చార్జీ పెట్టుకుని నాలుగుసార్లు తిరగగలిగితే పీకించుకోవలసిన పన్ను నిలబడవచ్చు. కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు తిరగలేనివారి కోసం ఆ కళాశాలలూ, ఆరోగ్య శాఖా కలిసి మండల కేంద్రాల్లో వారానికొక రోజు చికిత్స జరిపితే ఎంతో మేలు. పళ్లు చూసి, పేస్టు ట్యూబు చేతిలో పెట్టి పంపే శిబిరాలతో ప్రయోజనం లేదు.

ఇక మన చేతిలో ఉన్నది ఒకటుంది. పంటిమీద నల్లమచ్చ కనబడినప్పుడు, చల్లనీళ్లు జివ్వుమన్నప్పుడు వెళ్తే సిమెంటు నింపడంతో పోతుంది. ఈ విలేఖరి రెండేళ్లు వాయిదా వేసి ఆనాడు వెళ్లాడు. ఏడు వందలతో బయటపడ్డాడు. "ఇంకో ఆరు నెలలు ఆగితే మీకూ రూట్ కెనాలే" అన్నారు డాక్టరుగారు. రాత్రి పడుకునేముందు పళ్లు తోముకోవడం, పొగాకు, గుట్కా మానడం ఖర్చులేని పనులు.

అమెరికా నుంచి వచ్చిన యువకుడు కొత్త తొడుగుతో తిరిగి వెళ్లాడు. పన్ను పీకించుకున్న ఆమె నోట్లో దూదితో మధ్యాహ్నం బస్సుకే ఊరికి వెళ్లింది, మర్నాడు కోత ఉందని. ఆ పన్ను బతుకుతుందని డాక్టరే చెప్పాడు. జిల్లాలోని ప్రాంతీయ ఆసుపత్రుల్లోనైనా రూట్ కెనాల్, లోహపు తొడుగు పేదలకు ఉచితంగా చేసే ఏర్పాటు ఉంటే ఆమె పన్ను ఆమెకు మిగిలేది. సంబంధిత అధికారులూ, ప్రజాప్రతినిధులూ ఈ విషయంపై శ్రద్ధ వహించవలసి ఉంది.