నర్సును పిలిచే ముందు

పక్షవాతం వచ్చిన పెద్దాయనను ఆసుపత్రి నుండి పంపించేటప్పుడు డాక్టరుగారు "ఇక ఇంట్లోనే చూసుకోవచ్చు" అంటారు. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివచ్చినట్లవుతుంది. ఎవరో ఒక ఏజెన్సీ ఫోను నంబరు ఇస్తారు. మరునాటికే ఒక మనిషి పనిలో చేరుతుంది. ఏమి చేయాలో ఆమెకు తెలియదు, ఏమి చేయించుకోవాలో మనకు తెలియదు. నెల తిరిగేసరికి డబ్బు ఖర్చవుతుంది, రోగికి సుఖం ఉండదు, ఇంట్లోవారికి విసుగు మిగులుతుంది. అందుకే, మనిషిని వెదికే ముందు రోగి అవసరాలేమిటో చూసుకోండని మేము ప్రతి కుటుంబానికీ మనవి చేస్తున్నాము.

దీనికి ఒక సులువైన పద్ధతి ఉంది. అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1963లో దీనిని ప్రకటించారు. వారు ఆరు పనులు తీసుకున్నారు: స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్లి శుభ్రం చేసుకోవడం, మంచం మీదినుండి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, అన్నం తినడం. వీటిలో ఏది రోగి తనంతట తాను చేసుకోగలరు, దేనికి మరొకరి సాయం కావాలి అని గుర్తు పెడతారు. ఒక నోటు పుస్తకం ఉంటే మనమూ ఈ పని చేయవచ్చు.

అయితే "బట్టలు వేసుకోలేరు" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకండి. గుండీలు పెట్టుకోలేకపోయినా మంచిగా ఉన్న చేతిని చొక్కాలో దూర్చగలరేమో చూడండి. ఎడమ చేత్తో చెంచా పట్టుకోగలిగితే, అన్నం కింద పడినా, అరగంట పట్టినా తిననివ్వండి. త్వరగా అవుతుందని మనమే నోట్లో పెడుతూపోతే ఉన్న శక్తి కూడా తగ్గిపోతుంది. పైగా తాను ఎందుకూ పనికిరానన్న దిగులు మనసులో చేరుతుంది.

మరి కొన్ని విషయాలు తప్పక చూడాలి. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తున్నదా? గొంతు గరగరలాడుతున్నదా? అలాగైతే ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు. డాక్టరును అడగనిదే నోటితో ఏమీ పెట్టవద్దు. రోగి తనంతట ఒత్తిగిల్లగలరా? లేకపోతే నడుము కింద, పిరుదుల మీద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు ఆరంభం. సామాన్యంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలంటారు. మరి రాత్రి రెండు గంటలకు లేచేది ఎవరు? ఆ పేరు కూడా పుస్తకంలో రాయండి.

మందులన్నీ ఒకచోట పోసి, ఆసుపత్రివారిచ్చిన చీటీతో సరిచూడండి. పాత బి.పి. మాత్ర, కొత్త బి.పి. మాత్ర పేర్లు వేరైనా మందు ఒకటే కావచ్చు. తెలియక రెండూ వేస్తే ప్రమాదం. స్నానాలగది గడప ఎత్తు, నేల జారుడు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, వీటినీ చూడండి.

ఇన్ని చూసినా చాలా ఇళ్లలో రోగిని మాత్రం అడగరు. మంచం పక్కనే నిలబడి ఆయన గురించి మనలో మనమే మాట్లాడుకుంటాము. మాట పడిపోయినా విషయం అర్థమయ్యేవారు ఎందరో ఉన్నారు. తలూపితే సరిపోయే చిన్న ప్రశ్నలు వేయండి. స్నానం ఎవరు చేయించాలి? తలుపు వేయాలా? ఉదయమా, సాయంత్రమా? పరాయి మగవాని చేత స్నానం చేయించుకోవడం అమ్మకు ఎంత బాధో ఆమె నోరు విప్పి చెప్పకపోవచ్చు.

కోడలినీ అడగండి. పిల్లలు, వంట, ఉద్యోగం తరువాత ఆమెకు ఎంత ఓపిక మిగులుతుంది? వచ్చే మనిషికి పడుకునే చోటు, విశ్రాంతి ఎలా? అలసిపోయిన చేతులతో మంచి పరిచర్య సాగదు.

ఇవన్నీ రాసుకున్న తరువాత ఎవరు కావాలో తేలికగా తెలుస్తుంది. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం, మూత్రపు గొట్టం, పుండ్లకు కట్లు ఉంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు కావాలి. రోజుకు ఒకసారి వచ్చిపోయినా సరిపోతుందేమో డాక్టరును అడగండి. స్నానం, పక్క మార్చడం, తినిపించడం వరకే అయితే శిక్షణ పొందిన అటెండెంటు చాలు. నడక కోసం ఫిజియోథెరపిస్టును అడగాలి.

పక్షవాతం తరువాత మొదటి మూడు నెలల్లో మార్పు ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి పదిహేను రోజులకొకసారి తేదీ వేసి మళ్లీ రాయండి. పోయినసారి సాయం కావాలని రాసినచోట ఈసారి "తానే చేసుకున్నారు" అని రాయగలిగితే, ఆ మాట పెద్దాయనకు చదివి వినిపించండి.