గోడరాతల వైద్యం

డోర్నకల్ వంటి జంక్షనులో రైలు దిగినవాని కంట ఊరికంటె ముందు పడేది ‘సుఖవ్యాధులకు గ్యారంటీ చికిత్స’ అనే గోడరాత. నయమయ్యేదానినీ, కానిదానినీ ఒకే గాటన కట్టడమే ఆ రాతలోని మోసం.

సవాయినే చూడండి. మర్మాంగంపై లేచిన నొప్పిలేని పుండు, మందు వాడినా వాడకున్నా, మూడు నుండి ఆరు వారాలలో దానంతటదే మానుతుంది. లాడ్జి వైద్యుడు ఆ మానుదలను తన చూర్ణం ఖాతాలో వేసుకొంటాడు. క్రిమి మాత్రం శరీరంలోనే నిలిచి, ఏళ్ల తరువాత గుండెనో మెదడునో పట్టవచ్చు. గర్భిణికి సోకితే బిడ్డనే బలిగొనవచ్చు. తొలిదశలో దీనికి కావలసినది 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్, ఒక్క మోతాదు! సెగ, క్లమిడియా, ట్రైకోమోనియాసిస్ కూడా సరియైన మందుతో నయమయ్యేవే.

హెర్పిస్, హెచ్‌ఐవీ జీవితాంతం ఉంటాయి. అయితే అదుపునకు మందులున్నాయి. ఏఆర్‌టీ మాత్రలు క్రమంగా వాడి, పరీక్షలో వైరస్ కనబడని స్థితిని నిలుపుకొన్నవారి నుండి సంభోగం వలన అది ఇతరులకు సోకదు. అట్టివారిచేత మాత్రలు మాన్పించి లేహ్యం అంటగట్టేవానిని వైద్యుడని పిలవడానికి నాకు నోరు రాదు. ఇటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడలకు చట్టం తెలియదు కాబోలు.

అసలు ‘సుఖవ్యాధి’ అనే మాటే అన్యాయం. భర్త వలన రోగం తెచ్చుకొన్న ఇల్లాలు ఏ సుఖం అనుభవించింది? ఆ మాటకు జడిసి ఆమె, ఉచితంగా పరీక్షచేసి మందిచ్చే ప్రభుత్వ సురక్షా క్లినిక్ గడప తొక్కదు. తొక్కినా, భర్త కూడా వచ్చి మందు తీసుకోకుంటే అదే రోగం ఆమెకు మళ్లీ సోకుతుంది.