‘నా ఖర్మ’ అనే ముందు...

జులై, ఆగస్టు నెలలొచ్చాయంటే భద్రాచలంలో అందరి చూపూ గోదావరి మీదే. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. నది ఒడ్డు పల్లెల్లో, అడవి అంచు గూడేల్లో సామాను మూటగట్టుకోవడం, పశువుల్ని మెరకకు తోలుకెళ్లడం, పిల్లల్ని వెంటబెట్టుకుని పునరావాస కేంద్రంలో తలదాచుకోవడం... అక్కడివారికి ఇదంతా అలవాటైపోయిన పనే. వరద తీశాక ఇంటికొస్తే గోడల నిండా బురద. బస్తాల్లో నానిపోయిన వడ్లు. చేలో కుళ్లిన పత్తి మొక్కలు. గడప మీద చతికిలబడిన ఇల్లాలి నోట అప్పుడొచ్చే మాట ఒక్కటే... ‘అంతా మా ఖర్మ!’

ఆ మాట అనడానికి వరదలే రానక్కర్లేదు. పరీక్ష తప్పిన కొడుకుని చూసి తండ్రి అంటాడు. అత్తింట్లో మాటలు పడలేక కోడలు అంటుంది. అప్పు తీరని రైతు, మోకాళ్ల నొప్పులతో మూలిగే బామ్మ, బస్సు తప్పిపోయిన ఉద్యోగి... అందరిదీ అదే మాట. ‘ఖర్మ’ అంటే మన దృష్టిలో తలరాత. ఎవరో రాసేశారు, మనం అనుభవించాలి. అంతే!

విచిత్రమేంటంటే, రెండున్నర వేల ఏళ్ల కిందట ఇదే మాటకు బుద్ధుడు చెప్పిన అర్థం దాదాపు దీనికి తలకిందులు. ఆ బోధ వినడానికి ఎక్కడో బుద్ధగయ దాకా వెళ్లనక్కర్లేదు. భద్రాద్రి గుడికి మూలమైన ఊళ్లోనే ఒకప్పుడు అది మారుమోగింది.

రామదాసు ఊళ్లో స్తూపం

ఖమ్మం నుంచి కోదాడ వెళ్లే దారిలో ఇరవై కిలోమీటర్లు ప్రయాణిస్తే నేలకొండపల్లి వస్తుంది. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్న... అదే, మన భక్త రామదాసు పుట్టిన ఊరు. ఆయన పేరిట అక్కడ ధ్యాన మందిరం ఉంది. ఆ ఊరికీ ముజ్జుగూడేనికీ మధ్య పొలాల్లో మరో విశేషం కనిపిస్తుంది. ఇటుకలతో కట్టిన పెద్ద బౌద్ధ స్తూపం! ఇక్కడి పాత దిబ్బల్ని చుట్టుపక్కలవాళ్లు విరాటరాజు కథతో ముడిపెట్టి చెప్పుకునేవారు. పురావస్తు శాఖ తవ్వకాల్లో విహారాల పునాదులు, బావులు, నీటితొట్లు, మట్టి బొమ్మలు, కంచు బుద్ధ విగ్రహం, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపం బయటపడ్డాయి. ఇవి క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల నాటివి.

అంటే, ఒకే ఊళ్లో మనిషి కష్టానికి రెండు జవాబులున్నాయన్నమాట. పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసిన గోపన్న, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. ఆయన తన బాధనంతా రాముడి ముందు పెట్టాడు. వేడుకున్నాడు, అలిగాడు, నిలదీశాడు. ఆ కీర్తనల్ని తెలుగువాళ్లు నేటికీ పాడుకుంటున్నారు. ఆయనకన్నా వెయ్యేళ్లకుపైగా ముందు ఆ విహారాల్లో గడిపిన భిక్షువులు నేర్చుకున్నది మరో దారి. ‘ఈ బాధ ఎక్కణ్నుంచి వచ్చింది?’ అని నిదానంగా కూర్చుని చూసే దారి. ఈ రెంటికీ పేచీ పెట్టాల్సిన పనేం లేదు. ఏడ్చేవాళ్లకు తల వాల్చుకోవడానికో భుజం కావాలి. ఏడుపు తగ్గాక, ఎందుకు ఇలా జరిగిందో తెలుసుకునే ఆలోచనా కావాలి.

ముందు రోగం తెలియాలి

జ్ఞానోదయమయ్యాక బుద్ధుడు సారనాథ్‌లో తన పాత సహచరులు ఐదుగురికి తొలిసారిగా ధర్మం బోధించాడు. అందులో చెప్పినవే నాలుగు సత్యాలు. మంచి వైద్యుడు రోగిని చూసే తీరు ఎలా ఉంటుందో ఆ వరస కూడా అలాగే ఉంటుంది. జ్వరం ఉందా లేదా అన్నది మొదట తేల్చాలి. ఎందుకొచ్చిందో కనిపెట్టాలి. తగ్గుతుందో లేదో చెప్పాలి. ఆ తర్వాత మందు రాయాలి.

దుఃఖం ఉందన్నది మొదటి సత్యం. ముసలితనం, రోగం, చావు మాత్రమే కాదు... ఇష్టంలేనివారితో కలిసి ఉండాల్సి రావడం, ఇష్టమైనవారికి దూరం కావడం, కోరింది దొరకకపోవడం, ఇవన్నీ దుఃఖమే. బతుకంతా ఏడుపేనని దీనర్థం కాదు. సంతోషం ఉంటుంది, అయితే అది పట్టుకుంటే ఆగేది కాదు. దుఃఖానికి కారణం తృష్ణ అన్నది రెండో సత్యం. తృష్ణ అంటే దాహం. లేనిది కావాలి, ఉన్నది పోకూడదు, నచ్చనిది ఇప్పుడే తొలగిపోవాలి... ఇదీ ఆ దాహం తీరు. దాహం తీరితే దుఃఖమూ తీరుతుందన్నది మూడోది. నాలుగోది, అందుకు మార్గం. సరైన దృష్టి, సరైన సంకల్పం, మాట, పని, జీవనోపాధి, ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత... ఈ ఎనిమిదీ కలిస్తే అష్టాంగ మార్గం. ఎలా మాట్లాడుతున్నాం, ఏం చేస్తున్నాం, ఎలా సంపాదిస్తున్నాం అన్నవి కూడా ధ్యానంతో సమానంగా ఇందులో చేరాయి. ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడుతూ పొద్దున్నే గంటసేపు కళ్లు మూసుకుంటే సరిపోదన్నమాట.

రెండో బాణం

దుఃఖం గురించి బుద్ధుడు చెప్పిన ఓ పోలిక ఏ ఇంటికైనా సరిపోతుంది. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి పుట్టింది. అంతలోనే రెండో బాణం కూడా వచ్చి గుచ్చుకుంటే..? తెలియనివాడి పరిస్థితి అలాగే ఉంటుందంటాడు. ఒంటికి కలిగిన బాధ మొదటి బాణం. దాన్ని తలచుకుని వగచి, గుండెలు బాదుకోవడం రెండోది. తెలిసినవాడికీ మొదటి బాణం తప్పదు. రెండోది మాత్రం తగలదు.

పిల్లాడు పరీక్ష తప్పాడు. అది మొదటి బాణం. ‘నలుగురిలో తలెత్తుకోలేను, వీణ్ని కన్నందుకు నా ఖర్మ’ అంటూ నాలుగు రోజులు వాడితో మాట్లాడకుండా ఉండటం రెండోది. మార్కులు పోయినందుకన్నా నాన్న మాట్లాడనందుకే ఆ పిల్లాడు ఎక్కువ కుమిలిపోతాడు. ఇంకా దారుణమేంటంటే, ఈ రెండో బాణాన్ని మనం ఎదుటివాళ్ల మీదకూ వదులుతుంటాం. చూపులేని బిడ్డని ఎత్తుకున్న తల్లితో ‘ఏ జన్మలో ఏం పాపం చేశావో’ అంటాం. ఓదార్పు పేరుతో పాపం మోపి వస్తాం!

ఎనిమిది కారణాలు

‘మనిషి అనుభవించే ప్రతి సుఖానికీ, ప్రతి దుఃఖానికీ వెనకటి కర్మే కారణమని కొందరంటున్నారు, నిజమేనా?’ అని శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని నేరుగా అడిగిన సందర్భం ఒకటి సంయుక్త నికాయంలో ఉంది. ఆ మాట సరికాదన్నాడు బుద్ధుడు. ఆ తర్వాత బాధలకు ఎనిమిది కారణాలు వరసగా చెప్పాడు. పైత్యం, కఫం, వాతం, ఆ మూడూ కలిసి ముదరడం, రుతువులు మారడం, మన అజాగ్రత్త, ఇతరులు చేసిన దాడి... చివరగా ఎనిమిదోది కర్మఫలం. అంటే వెనకటి కర్మ అనేది ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. బౌద్ధ గ్రంథాలు పునర్జన్మను కాదనలేదు. వచ్చిన ప్రతి కష్టాన్నీ దాని ఖాతాలో వేయడాన్నే బుద్ధుడు తప్పు పట్టాడు.

ఆ పట్టికను మన ఏజెన్సీ ప్రాంతానికి అన్వయించి చూడండి. వానలు మొదలైతే గూడేల్లో జ్వరాలు. దాన్నీ ఖర్మ అనుకుని ఊరుకుంటే దోమతెరా ఉండదు, రక్తపరీక్షా ఉండదు. రోనాల్డ్ రాస్ అలా ఊరుకోలేదు కాబట్టే 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టగలిగాడు. గోదావరి సంగతీ అంతే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం రికార్డు స్థాయిలో 75.6 అడుగులకు చేరింది. ఆ వరద తర్వాత పట్టణానికి కరకట్ట కట్టారు. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు వచ్చింది. వానను ఎవరూ ఆపలేరు. కట్ట పటిష్ఠంగా ఉందా, హెచ్చరిక వేళకు అందిందా, పల్లపు కాలనీల్లోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, పరిహారం అందిందా... ఇవి మాత్రం మనుషులు అడగాల్సిన, మనుషులే జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ‘మా ఖర్మ’ అన్నామంటే ఆ ప్రశ్నలన్నీ అక్కడితో ఆగిపోతాయి.

1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్ కూడా పట్టుబట్టింది ఈ విషయం మీదే. పేదరికానికీ, తక్కువ కులంలో పుట్టడానికీ పూర్వజన్మ పాపమే కారణమంటే, సమాజం చేసిన తప్పులకు జవాబుదారీయే ఉండదన్నది ఆయన వాదన.

సంకల్పమే కర్మ

మరి బుద్ధుడి దృష్టిలో కర్మ అంటే ఏంటి? సంకల్పం. మనసులో అనుకుని, ఆ తర్వాత చేతతో, మాటతో, తలపుతో చేసేదే కర్మ అన్నాడాయన. డాక్టరు చేతిలో కత్తి ఉంటుంది, దొంగ చేతిలోనూ ఉంటుంది. ఇద్దరూ కోస్తారు. తేడా అంతా ఉద్దేశంలోనే. కాబట్టి కర్మ అనేది ఎప్పుడో రాసిపెట్టిన చీటీ కాదు. ఇప్పుడు, ఈ నిమిషంలో విత్తుతున్న విత్తనం.

పాత తప్పుల మాటేమిటి? దానికీ ఆయన దగ్గర ఓ ఉపమానం ఉంది. ఉప్పుగల్లును చిన్న గిన్నెడు నీళ్లలో వేస్తే ఆ నీళ్లు నోట పెట్టలేం. అదే ఉప్పుగల్లును గంగానదిలో వేస్తే..? రుచి మారనే మారదు. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చేసిన తప్పు ఒకటే అయినా, మనసు గిన్నెలా ఇరుగ్గా ఉంటే ఒక ఫలితం, నదిలా విశాలమైతే మరో ఫలితం. అంగుళిమాలుడి కథ గుర్తుందిగా! అంతమందిని చంపినవాడు భిక్షువయ్యాక కూడా భిక్షకు వెళ్తే రాళ్ల దెబ్బలు తిన్నాడు. ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. చేసినదాని ఫలితం అతణ్ని వదల్లేదు. కానీ అతను మారడానికి అది అడ్డూ రాలేదు.

ఊపిరితో మొదలు

సంకల్పం క్షణంలో పుట్టి క్షణంలో మాటై బయటికొస్తుంది. దాన్ని పట్టుకునేదెలా? ధ్యానం అవసరం ఇక్కడే. బుద్ధుడు చెప్పిన ఆనాపానసతికి మంత్రం లేదు, ఖర్చు లేదు. నిటారుగా కూర్చుని లోపలికొచ్చే ఊపిరినీ, బయటికెళ్లే ఊపిరినీ గమనించడమే. పొడవుగా ఉంటే పొడవుగా ఉందని, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలుసుకోవడం. మనసు బజారుకో, బ్యాంకు అప్పు మీదికో పరిగెత్తితే విసుక్కోకుండా వెనక్కి తెచ్చుకోవడం. అలా వెయ్యిసార్లు తెచ్చుకోవడమే సాధన. కొన్నాళ్లకు కోపం నోటిదాకా రాకముందే, ఛాతీలో బిగుతుగా, చెవుల్లో వేడిగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. ఆ కాస్త వ్యవధి చాలు, రెండో బాణం వదలకుండా ఆగడానికి.

బర్మాలో పుట్టిపెరిగిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టిన విపశ్యనకు ఈ ఊపిరి పాఠమే తొలిమెట్టు. హైదరాబాద్‌లో 1976 నుంచి, నాగార్జునసాగర్‌లోనూ ఇందుకు కేంద్రాలు నడుస్తున్నాయి. పది రోజుల శిబిరం. మౌనం తప్పనిసరి. ఫీజు లేదు, అంతకుముందు నేర్చుకున్నవారి విరాళాలతోనే నడుస్తుంది. ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే రోజూ పది నిమిషాలు చాలు. అయితే ఇది డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు. నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి వదలకుండా వేధిస్తుంటే వైద్యుణ్ని కలవాల్సిందే. అనారోగ్యానికి పైత్యమూ వాతమూ కారణమని చెప్పినవాడు, మందు మానేయమని అనడు కదా!

మళ్లీ ఆ గడప దగ్గరికే వద్దాం. బురద నిండిన ఇంట్లో ఆ ఇల్లాలు ‘మా ఖర్మ’ అంటూ కాసేపు కూర్చుంటుంది. కన్నీళ్లు తుడుచుకుంటుంది. తర్వాత కొంగు బిగించి చీపురు అందుకుంటుంది. తన వాకిలి కడిగాక, లేవలేని పక్కింటి అవ్వ గుడిసెలోనూ రెండు బిందెల నీళ్లు కుమ్మరించి బురద ఎత్తిపోస్తుంది. తలరాతను తిట్టుకుంటూనే ఆమె చేసిన ఆ పనినే బుద్ధుడు కర్మ అన్నాడు. గోదావరి మళ్లీ పొంగుతుంది. అది ఎవరి ఖర్మా కాదు. ఆ పూట పక్కవాళ్ల మూట ఎత్తడానికి చెయ్యి చాపడమా, ముడుచుకోవడమా... అదొక్కటే మన కర్మ.