అమ్మమ్మ పేరు మీద ఏముంది?

కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 2018 సెప్టెంబరు 19న విశాఖపట్నంలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు నూరేళ్లు నిండి నెలన్నర. నిండు నూరేళ్లు బతకమని ఆడపిల్లల్ని దీవించేవాళ్లు ఆ నూరేళ్లూ ఏ ఆధారంతో బతకాలో మాత్రం చెప్పరు. ఆ ఆధారాన్ని ఆమె తనంతట తాను, అదీ ముప్పై ఐదేళ్లు దాటాక వెతుక్కోవలసి వచ్చింది. ఆమెను తలుచుకున్నప్పుడల్లా మాకు మొదట గుర్తొచ్చేది ఈ సంగతే.

ఆమె పోయినప్పుడు చాలాచోట్ల 'పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుడు సీతారామయ్య భార్య' అనే పరిచయం చేశారు. ఆయన ఆమెను విడిచి వెళ్లిపోయి అప్పటికి ఆరు దశాబ్దాలు దాటింది. 1980లో ఆ పార్టీ పెట్టేనాటికి ఆయన జీవితంలో ఆమెకు చోటు లేదు. అయినా చనిపోయాక ఆమెను మళ్లీ ఆయన పక్కనే నిలబెట్టారు. ఉద్యమాల గురించి రాసే మిత్రులు కూడా ఈ పని చేయడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

కృష్ణా జిల్లా పామర్రులో 1918లో పుట్టిన పిల్ల ఆమె. ఊహ తెలియని వయసులోనే పెళ్లీ, వైధవ్యమూ అయిపోయాయి. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. అది వచ్చిన ఎనభై ఏళ్ల తర్వాత కూడా మళ్లీ పెళ్లి చేసుకోవడానికి ఆమెకు, ఆమె వెనుక నిలబడిన తల్లికి ఎంతో తెగువ కావలసి వచ్చింది. ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ, మహిళా సంఘం, ప్రజానాట్యమండలి. పాటలు పాడారు, నాటకాలు వేశారు, ఒంటిమీది బంగారం పార్టీకి ఇచ్చేశారు. 1948లో నిర్బంధం వచ్చాక పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలోకి వెళ్లారు. నిర్బంధం తొలగి ఇంటికి వచ్చాక కొన్నాళ్లకు భర్త వెళ్లిపోయాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. దోపిడీ అంటే ఏమిటో ఊరూరా తిరిగి చెప్పిన పార్టీ, తన కార్యకర్త ఒకామె భర్త లేకుండా, చదువు లేకుండా, ఇద్దరు పిల్లలతో నిలబడితే ఏం చేయాలో తేల్చుకోలేకపోయింది. అది వాళ్ల సొంత విషయం అన్నారు. ఈ మాట మనం ఇప్పటికీ వింటున్నాం. మన సంస్థల్లోనూ విన్నాం, అనడానికి సిగ్గుగా ఉన్నా.

ఆమె ఎవరినీ దేబిరించలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో చేరి, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి, తన కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని మెట్రిక్ చదివారు. కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో ఉద్యోగం సంపాదించుకున్నారు. ఆమెను నిలబెట్టింది జాలి కాదు, కోర్టు ఇప్పించిన మనోవర్తీ కాదు. ఉండటానికి ఒక గది, వయసు దాటినా చేర్చుకునే చదువు, నెలనెలా జీతం. ఒంటరి స్త్రీల కోసం మనం పెట్టే డిమాండ్లలో ఈ మూడూ ముందు ఉండాలని మేం ఎన్నాళ్లుగానో అంటున్నాం. పింఛను అవసరమే, కానీ ముప్పై ఐదేళ్ల మనిషికి పింఛను ఒక్కటే చూపించి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

తర్వాత వచ్చిన దెబ్బలు మామూలువి కావు. కొడుకు చందు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాక్టరయిన కూతురు కరుణ, భర్త మరణం తర్వాత తనూ ప్రాణం తీసుకుంది. మిగిలింది ఇద్దరు మనవరాళ్లు, వాళ్ల అమ్మమ్మ. ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమే. ఆ పెద్దరికం ఆస్తి వల్ల వచ్చింది కాదు, పెత్తనం వల్ల అసలే కాదు. కాకినాడ హాస్టల్లో చదువుకున్న పిల్లలు, రచయిత్రులు, కార్యకర్తలు కూడా ఆమెను అమ్మమ్మా అనే పిలిచారు. కొన్నేళ్లు ఆమె హైదరాబాద్‌లో సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలోనూ ఉన్నారు. దాన్ని ఎవరో వదిలేస్తే వచ్చిపడిన చోటుగా ఆమె చూడలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె గొంతు ఉంది. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. అప్పటికి తొంభై దాటాయి. అందులో ఒక ఘట్టం మా మిత్రుల మధ్య పెద్ద చర్చే రేపింది. ముసలితనంలో, జబ్బుతో ఉన్న భర్త ఆమెను చూడాలని కబురు పెట్టాడు. ఆమె వెంటనే పరుగెత్తలేదు. ఆయనకు చూడాలనిపిస్తే తనకూ అనిపించాలా అన్నదే ఆమె ప్రశ్న. "ఆ వయసులో కూడా క్షమించలేదేం?" అని ఒక మిత్రురాలు అడిగింది. క్షమించడం ఆమె ఇష్టం, కదమ్మా? అది ఆమె మీద మోపిన బాధ్యత ఎప్పుడయింది? ఎనభై ఏళ్ల స్త్రీకి కూడా తన మనసు తనదేనని చెప్పే హక్కు ఉందని మనం ఒప్పుకోలేకపోతే, ఇరవై ఏళ్ల పిల్ల హక్కు గురించి మాట్లాడి లాభం లేదు.

సంస్మరణ సభల్లో ఆమెను త్యాగమూర్తి అన్నారు. ఆ మాట వినగానే మాకు చిరాకు వేస్తుంది. ఆమె త్యాగం చేసినవి కొన్ని ఉన్నాయి, నిజమే. ఆమె నుంచి లాక్కున్నవి అంతకన్నా ఎక్కువ. రెండింటినీ ఒకే దండలో గుచ్చి ఫోటోకు వేస్తే లాక్కున్నవాళ్ల పేర్లు మాసిపోతాయి.

వచ్చే సంచికకు మీ అమ్మమ్మల, నాయనమ్మల జీవితాలు రాసి పంపండి. బతికున్నవాళ్లయితే వాళ్లనే కూర్చోబెట్టి అడగండి, మధ్యలో అడ్డు తగలకండి. ఎంత బాగా వండేదో, ఎంత ఓర్పుగలదో రాయొద్దనం. దాంతోపాటు ఎన్నేళ్లకు పెళ్లయిందో, ఎన్ని కాన్పులో, కూలికి వెళితే ఎంత ఇచ్చేవారో, పుట్టింటి భూమిలో వాటా అడిగిందో లేదో, ఇల్లు ఎవరి పేరు మీద ఉందో, ఏ విషయంలో ఇప్పటికీ కోపం పోలేదో కూడా రాయండి. అక్షరాలు రానివాళ్లు చెబుతుంటే మీరు రాసి, చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే పంపండి.