అడవి మీద నింద ఎందుకు?

మనుషులను మనుషులు తినే సీరియల్ ఒకటి చూశాం. పేరు 'ఎల్లోజాకెట్స్'. అమెరికాలో 2021 నవంబర్‌లో మొదలై, మన హాస్టల్ గదుల్లో సెల్‌ఫోన్ల దాకా వచ్చింది. న్యూజెర్సీకి చెందిన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు 1996లో పోటీలకు పోతుంటే విమానం కెనడా అడవిలో కూలిపోతుంది. 19 నెలలు అక్కడే. మొదట ఆకలి, తర్వాత భయం, ఆ తర్వాత అడవికి ఏదో శక్తి ఉందన్న గుడ్డి నమ్మకం. చివరికి తోటి పిల్లను వేటాడే దాకా పోతుంది. తీసినవాళ్లు బాగా తీశారు. అర్ధరాత్రి దాటినా ఆపలేకపోయాం.

మా పేచీ వేరే. ఆ పిల్లలు పెద్దయి పట్నంలో కార్లు, ఇండ్లు సంపాదించుకున్నాక కూడా హత్యలు ఆగవు. అయినా నేరం మాత్రం అడవిదే! అడవి మమ్మల్ని ఇట్లా చేసింది అనే పాట. చట్టం, పోలీసు, కరెంటు లేకపోతే మనిషి మృగమైతడని చెప్పడం ఆధిపత్యానికి ఎప్పుడూ అవసరమే. అడవిబిడ్డలను ఆటవికులన్న నోరు అదే కదా.

నిజంగా జరిగిందేమిటి? 1972 అక్టోబర్‌లో ఉరుగ్వే రగ్బీ కుర్రాళ్ల విమానం ఆండీస్ మంచుకొండల్లో కూలింది. 45 మందిలో 16 మంది మిగిలారు. 72 రోజులు. చనిపోయినవాళ్ల దేహాలను తిన్నమాట నిజం. కానీ అందరూ కూర్చుని మాట్లాడుకుని, ఏడ్చి ఆ పని చేశారు. ఎవరినీ వేటాడలేదు. ఇద్దరు కొండలు దాటి పది రోజులు నడిచి మిగిలినవాళ్లను బతికించారు.

2023 మే 1న కొలంబియా అమెజాన్ అడవిలో చిన్న విమానం కూలి పెద్దలంతా చనిపోయారు. నలుగురు హుయిటోటో ఆదివాసీ పిల్లలు మిగిలారు. పెద్దపిల్లకు 13 ఏండ్లు, చంటిపిల్లకు 11 నెలలు. జూన్ 9న దొరికేదాకా 40 రోజులు ఆ పెద్దపిల్లే ముగ్గురినీ కాచుకుంది. విమానంలో దొరికిన కర్రపెండలం పిండి అయిపోయాక అడవి పండ్లు, గింజలు. ఏది తినాలో అమ్మమ్మ నేర్పిన చదువు అది! మన నల్లమల చెంచు పిల్లకు కూడా ఆ చదువు ఉంటది. దానికి మార్కులు వేసే బడి మాత్రం లేదు.

ఇక అడవి వదిలి ఊళ్లోకి వద్దాం. సీరియల్‌లో విమానం కూలిన 1996లోనే, నవంబర్ 6 రాత్రి, కోనసీమను తుపాను ఊడ్చింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ అంబాజీపేట చుట్టూ తోటలు నేలకూలాయి. కరెంటు లేదు, దారి లేదు. చట్టం చేతికందని ఆ చీకట్లో మనుషులు ఒకరినొకరు పీక్కు తినలేదు.

మరి 2022 మే 24న ఏమైంది? కలెక్టరున్నాడు, పోలీసులున్నారు, సెల్ టవర్లున్నాయి. జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అంబాజీపేటకు కూతవేటు దూరంలోని అమలాపురంలో మంత్రి పినిపె విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇండ్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు. గుంపులో ఎక్కువమంది కుర్రాళ్లే. ఎవరి పేరు మీద అంత కోపం? రాజ్యాంగం రాసినాయన పేరు మీద! పేరు మారి నిలిచింది, అది వేరే సంగతి. కానీ ఆ కుర్రాళ్ల చేతికి నిప్పు ఇచ్చిందెవరో మూడు సీజన్లు తీసినా ఏ అడవీ చెప్పదు. కులం చెబుతుంది.

చెప్పిన సినిమా ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 'అంబాజీపేట మ్యారేజీ బ్యాండు'. దర్శకుడు దుశ్యంత్ కటికనేని. క్షౌరవృత్తి ఇంట్లో పుట్టి బ్యాండు వాయించే మల్లిగా సుహాస్, టీచరు పద్మగా మన నిజామాబాద్ బిడ్డ శరణ్య ప్రదీప్. వడ్డీలిచ్చి ఊరును గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషి పద్మను అవమానిస్తాడు. అందరూ చదువుకున్నవాళ్లే, బడి ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. పద్మ మాత్రం తలవంచదు, కేసు పెడుతుంది. ఆ పాత్రలో శరణ్య కండ్లు చూస్తే అడవిలో తప్పిపోయిన పిల్లల భయం చిన్నదిగా కనబడ్డది మాకు.

విమానం సీరియల్‌కు రాత్రులు ధారపోసిన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ సినిమాకు ఓ సాయంత్రం కేటాయించండి. చూశాక మీ ఊరి పెద్దమనిషి ఎవరో మాకు రాయండి.