పని చేస్తే చాలా, పని నేర్చుకోవద్దూ?

ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్న వాళ్ళందరికీ ఇంటర్న్‌షిప్ అనే మాట ఈపాటికి అలవాటైపోయే ఉంటుంది. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన పిల్లల దగ్గర్నుంచి, మూడేళ్ళలో మొత్తం పది నెలలు బయట పనిలో గడపాలని నియమం పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు చిన్న ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం పనిచోటే. ఆలోచన చాలా మంచిదండీ. నా గొడవ ఆ నియమంతో కాదు. వెళ్ళే పిల్ల చేతిలో “ఈ ఆరు నెలల్లో నేను ఏం నేర్చుకోవాలి” అని రాసుకున్న ఒక్క కాగితం కూడా ఉండటం లేదు, గొడవల్లా దానితోనే.

మా వీధిలో ఒకమ్మాయి బీకాం చదువుతూ ఒక ఆఫీసుకి వెళ్ళింది. రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బస్సెక్కేది. జెరాక్సులు తీయడం, ఫైళ్ళకి నంబర్లు వేయడం, వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టడం, ఆరు నెలలూ ఇదే పని. లాగ్ బుక్కు మాత్రం చక్కగా నిండింది. సర్టిఫికెట్టూ వచ్చింది. ఆ పిల్ల పని చేయలేదని అనగలమా? చేసింది. నేర్చుకుందా అంటే మాత్రం జవాబు లేదు.

చేయడం వేరు, నేర్చుకోవడం వేరు అన్న సంగతి మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నరసాపురం లేసునే చూడండి. మొన్న 2024లో దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తల్లి పక్కన కూర్చుని కూతురు క్రోషియా సూది పట్టడం తరతరాలుగా ఉన్నదే. పిల్ల చెయ్యి ఎంతవరకు తిరిగిందో చూసుకుని, ముందు చైను, తర్వాత చిన్న పువ్వు, ఆ తర్వాత పెద్ద పువ్వు, ఇలా తల్లి నేర్పుతుంది. ఒక్కో పిల్లకి తగ్గట్టు ఒక్కో పాఠం అన్నమాట. ఇంతవరకు ఏ కాలేజీకీ తీసిపోదు.

కానీ అక్కడే ఆగిపోయింది. జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆవిడ వచ్చి, ఈ లేసు అల్లే ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేశారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకు పని చేస్తారు, ఎవరి ముక్క వాళ్ళదే. మొత్తం వస్తువు ఎలా తయారవుతుందో, ఎంతకి అమ్ముడుపోతుందో, ఏ దేశం వెళుతుందో అల్లేవాళ్ళకి తెలియదు. రోజులో ఎన్నో గంటలు అల్లినా, పైకి మాత్రం “ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో అల్లుకుంటోంది” అనే మాటే. నలభై ఏళ్ళు పని చేసినా నేర్చుకున్నది ఒక ముక్క దగ్గరే ఆగిపోతే, ఆ మనిషి కూలి కూడా అక్కడే ఆగిపోతుంది. మన పిల్లలు ఆఫీసులో ఆరు నెలలు జెరాక్సు మిషను దగ్గరే నిలబడటం నాకు దీనికి కొనసాగింపులాగే కనిపిస్తుంది.

లాగ్ బుక్కు ఉంది కదా అంటారేమో. లాగ్ బుక్కు జరిగిపోయినదాన్ని రాసేది. నేననేది ముందు రాసుకునే ప్రణాళిక. అదీ అందరికీ ఒకటే కాదు, ఎవరి ప్రణాళిక వాళ్ళది.

ఒక ఉదాహరణ చెప్తాను. తణుకులో ఒక అమ్మాయి ట్యాక్స్ లెక్కలు చూసే ఆఫీసుకి వెళ్ళిందనుకుందాం. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకి జీఎస్టీఆర్-1 పదకొండో తేదీలోగా, 3బీ ఇరవయ్యో తేదీలోగా వెళ్ళాలి. ఆరు నెలలంటే ఆ చక్రం ఆరుసార్లు తిరుగుతుంది. మొదటి నెల పక్కన కూర్చుని చూడాలి. రెండో నెల బిల్లులు ఎక్కించాలి. మూడో నెల ఒక చిన్న కొట్టు లెక్క మొత్తం పెద్దవాళ్ళు చూస్తుండగా తయారు చేయాలి. అయిదో నెలకి తనే చేసి చూపించాలి. ఇంతే, నాలుగు వాక్యాలు. అదే భీమవరం దగ్గర ఆక్వా చదివే అమ్మాయికయితే ఇంకో కాగితం. వనామీ పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది కాబట్టి పిల్ల వదలడం నుంచి పట్టుబడి దాకా ఒక పంట మొత్తం చూసే వీలుంది. కానీ “ఆడపిల్ల చెరువు గట్టు మీదికి ఎందుకు” అని ల్యాబులో నీళ్ళ పరీక్షలకే కూర్చోబెడితే, సగం చదువు గట్టు మీదే ఉండిపోతుంది. గట్టు మీదికి వెళ్ళాలని ముందే కాగితం మీద ఉంటే, తీసుకెళ్ళమని అడగడానికి ఆ పిల్లకో ఆధారం ఉంటుంది.

ఇది నా ఊహ ఏమీ కాదు. ఫిన్లాండులో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వృత్తి విద్యలో చేరే ప్రతి ఒక్కరికీ సొంత ప్రణాళిక రాస్తారు. అంతకుముందే వచ్చిన పనిని లెక్కలో వేసుకుని, ఇంక ఏం నేర్చుకోవాలో అదే రాస్తారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారే గుర్తొచ్చారు. ఆవిడ మొదటి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్ళ కోసం కుదించిన కోర్సులు మొదలుపెట్టింది. పెళ్ళయిన మనిషిని మళ్ళీ చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టకుండా, ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి ఉద్యోగం దాకా దగ్గర దారి వేయడమే దాని ఉద్దేశం. ఆ ఆలోచన మనింటి ఆడపడుచుదే. మనమే దాన్ని మరిచిపోయాం.

ఇక్కడ లెక్చరర్ల మాట కూడా చెప్పాలి. ఒక్కో లెక్చరరుకి ఎంతమంది పిల్లలో, అందరికీ ప్రణాళిక ఎవరు రాస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా మట్టుకు నేను, పిల్లలే రాసుకోవాలంటాను. ఒక్క పేజీ. లెక్చరరు చదివి రెండు మాటలు చేర్చాలి, పనిచోట పెద్దవాళ్ళు చూసి ఇది కుదురుతుంది, ఇది కుదరదు అని చెప్పాలి, ముగ్గురూ సంతకం పెట్టాలి. నెలకోసారి మార్చుకోవచ్చు. చిన్న కొట్టాయన సంతకం పెట్టడానికి జంకితే నోటిమాట చాలు, రాసుకునేది పిల్లే కదా.

అసలు లెక్చరరుకీ ఒక ప్రణాళిక ఉండాలి. జీఎస్టీ వచ్చిందే 2017 జులైలో. అంతకుముందు చదువుకుని ఉద్యోగంలో చేరినవాళ్ళు వ్యాట్ నేర్చుకున్నవాళ్ళు. పుస్తకం చూసి పాఠం చెప్పగలరు గానీ, చేత్తో ఒక రిటర్ను వేసి ఉండకపోతే పిల్ల తెచ్చిన లాగ్ బుక్కులో తప్పు ఎలా పట్టుకుంటారు? ఏడాదికి రెండు వారాలు వాళ్ళూ ఒక ఆఫీసులోనో, హేచరీలోనో, కడియం నర్సరీలోనో గడపాలి. అయితే ఒక షరతు. అది డ్యూటీలో భాగంగా ఉండాలి. పొద్దున్నే వంట చేసి, పిల్లల్ని పంపించి, సాయంత్రం మళ్ళీ వంటింట్లోకి వచ్చే లేడీ లెక్చరరుకి సెలవుల్లో నేర్చుకోమని చెప్పడం నేర్పించడం అనిపించుకోదు, ఇంకో బరువు పెట్టడం అవుతుంది.

ఇక మన సంగతి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ అనగానే మన ఇళ్ళలో అడిగేది ఏమిటి? ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, చీకటి పడేలోగా వస్తావా. అవి అడగాల్సినవే, కాదనను. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, “తెలిసినవాళ్ళ దగ్గర సర్టిఫికెట్టు తెచ్చేసుకుందాం, నువ్వు ఇంట్లో ఉండు” అంటున్నారు. ఇది మాత్రం ఆ పిల్ల నోటి దగ్గర కూడు తీసేయడమే. రేపు ఇంటర్వ్యూలో “ఆరు నెలలు ఏం చేశావమ్మా” అని అడిగితే, సర్టిఫికెట్టు నోరు విప్పి జవాబు చెప్పదు కదా.

అందుకని అమ్మలందరికీ ఒక మాట. పిల్ల పనికి వెళ్ళేముందు ఆ ఒక్క పేజీ రాయించండి. మీకు ఆ సబ్జెక్టు తెలియక్కర్లేదు. ప్రతి ఆదివారం మూడే ప్రశ్నలు అడగండి: ఈ వారం ఏం కొత్తగా వచ్చింది? ఏది ఇంకా రాలేదు? వచ్చే వారం ఎవర్ని అడిగి నేర్చుకుంటావు? మూడు వారాలు వరసగా “జెరాక్సు” అనే జవాబే వస్తే, నాలుగో వారం ఆగకుండా కాలేజీకి వెళ్ళి లెక్చరరుని కలవండి. గొడవకి కాదు, ఆ పేజీ చేత్తో పట్టుకుని మర్యాదగా అడగడానికి.