మన ఊరి వార్త మనమే వేద్దాం

కాలేజీ ప్రాజెక్టుగా పేపర్ తీద్దామనుకుంటున్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందు ఇనుగుర్తిని తలుచుకోండి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ పల్లె నుంచే 1922లో ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ వారపత్రిక తెచ్చారు. రాయడం నుంచి అచ్చు దాకా తామే చూసుకున్నారు.

మనకిప్పుడు ల్యాప్‌టాప్ చాలు. ఏ3 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. డిజైన్‌లో అసలు పని, మొదటి పేజీకి ఏ వార్త ఎక్కాలో తేల్చుకోవడమే. 2016లో ఈ మూడూ జిల్లాలయ్యాక కలెక్టరేట్ వార్తలకు కొదవ లేదు. మీ వాడలో నల్లా ఎందుకు రావట్లేదో మాత్రం మీరే రాయాలి.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ఇంకో మాట: టైపింగ్ యూనికోడ్‌లోనే చేయండి. పాత ఫాంట్లలో కొడితే రేపు నెట్‌లో వెతికినా దొరకదు. ఇనుగుర్తి పేరు నూరేళ్లు నిలిచింది. మీ ఊరి పేరూ నిలవాలి కదా!